ఉతకని తెల్లంగీ

మా అయ్యగారు పోయారని మొన్న ఆదివారం ఆరాధన జరుగుతుండగా తెలిసింది. పాట మధ్యలో సంఘపెద్ద ఫోను చూసుకొని లేచి నిలబడ్డాడు. పాట ఆపమని చెయ్యెత్తాడు. అందరికీ అర్థమైపోయింది. ఎన్నో నెలలుగా మంచం మీదున్న మనిషే, రేపో మాపో అనుకుంటున్నదే. అయినా నేను పాటల పుస్తకం మూసేసి కూర్చుండిపోయాను.

బెళుగుప్ప దగ్గర మా ఊరి చర్చికి ఆయన చాలా ఏళ్లు పాస్టరుగా ఉన్నారు. ఊరంతా అయ్యగారనే పిలిచేది. సమాధి చేసిన రోజు పెట్టెలో ఆయన ఒంటిమీద తెల్ల చొక్కా, పంచె ఉన్నాయి, అంతే. మా వైపు పాస్టర్లను అంగీతో సాగనంపడం మామూలు. "అదేమప్పా, అంగీ ల్యాకుండా పంపుతాండారు?" అని పొరుగూళ్లవాళ్లు గుసగుసలాడారు. అంగీ సంఘానిది, తనతో మట్టిలో పెట్టొద్దని ఆయనే చెప్పి పోయారు. ఆ మాట విన్నాక నాకు మా అమ్మ సంగతి మీకు చెప్పాలనిపించింది.

అంగీ అంటే ఆరాధనప్పుడు పాస్టరు వేసుకునే తెల్లటి నిలువుటంగీ. మడమల దాకా ఉంటుంది, మెడ నుంచి కిందికి గుండీలు. ఎర్రదుమ్ము లేచే ఊళ్లో ఇంత పొడుగు తెల్లబట్ట! మా చర్చిలో దాన్ని ఉతకడం ఇంటికో వారం వంతు. ఆదివారం ఆరాధన అయ్యాక వంతు వచ్చిన ఇల్లాలు తీసుకుపోయి, ఉతికి, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసి శనివారానికి తెచ్చి తగిలించాలి. చాకిరీ అనుకునేరు, కాదు. ఆ వారమంతా ఆమెను పట్టుకోలేం. దండెం మీద అంగీ ఆరేసి, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ మాట్లాడేది.

మా అమ్మకు మాత్రం ఆ వంతు రాలేదు. అమ్మ రెండు చేతులకూ బొల్లి. మోచేతుల నుంచి వేళ్ల కొసల దాకా తెల్లమచ్చలు. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినా ఊరు వినాలి కదా! అమ్మ నీళ్లిస్తే "ఇప్పుడే తాగొచ్చినా" అనేవాళ్లు. అయ్యగారొక్కరే మా ఇంటికొచ్చినప్పుడల్లా అడిగి తాగేవారు, మజ్జిగ ఉంటే రెండోసారి కూడా. చేతి గురించి ఒక్క మాట అనేవారు కాదు. అందుకే అమ్మకు ఆయనంటే ప్రాణం.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆయనకు పాట రాదు. ప్రతి ఆదివారం అందనంత పైన ఎత్తుకొని, రెండో చరణానికల్లా గొంతు పోయి, "దింపండమ్మా, మీరే దింపండి" అని చేతులెత్తేసేవారు. "ఎండన బడి వచ్చినారు, తొందరగా ఇడిసిపెడతా" అని ప్రసంగం మొదలుపెట్టేవారు. ఆ మాట ఏనాడూ నిలబెట్టుకోలేదు.

ఒక ఆదివారం ప్రకటనలు చదివి, "వచ్చే వారం అంగీ ఈయమ్మ ఉతుకుతాది" అని అమ్మను చూపించారు. కొందరు తిరిగి అమ్మ చేతుల వైపు చూశారు. నేనప్పటికి రాయదుర్గంలో జీన్స్ కుట్టే పనిలో చేరాను. అమ్మ నాకు ఫోను చేసి, అక్కడి నుంచి మంచి సబ్బు తెమ్మంది. పెళ్లికూతురైనా అంత హడావిడి పడదు.

అప్పటికే బోర్లు ఎండి ఊరు ట్యాంకరు మీద బతుకుతోంది. ఆ వారంలోనే ట్యాంకరు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో కొట్టుకున్నారు, ఒకామెకు తల పగిలింది. ఆదివారానికి నేను సబ్బు తీసుకొని ఊరొచ్చాను, అమ్మ అంగీ కోసం సంచి పట్టుకొని మరీ చర్చికి వచ్చింది. అయ్యగారు చొక్కా ప్యాంటుతో వచ్చి నిలబడ్డారు.

"తాగే నీళ్ల కోసం తలలు పగలగొట్టుకుంటాండారు. ఆ నీళ్లతో నా అంగీ ఉతికేది వద్దు. వాన పడేదాకా నేను ఏసుకోను" అన్నారు.

ఇక చూడాలి రభస! బెంగుళూరుకు పనికి పోయొచ్చిన కుర్రవాళ్లు, "ఆడ ఎవురూ ఏసుకోరన్నా, మనకు మాత్రం యాల?" అన్నారు. సంఘపెద్ద మండిపడ్డాడు. "అంగీ ల్యాకపోతే అయ్యగారికీ బస్సు కండక్టరుకూ తేడా ఏముండాది?"

"కండక్టరైతే కూసోండని సీటు సూపిస్తాడు. నేను మిమ్మల్ని నిలబెడతాండా, అదే తేడా" అన్నారు అయ్యగారు. నవ్వులైతే లేచాయి గానీ గొడవ తెగలేదు.

అమ్మ నవ్వలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. ఇంటికొచ్చాక నాతో అంది, "నా సేతులు సూసి ఆపినాడు మే. నీళ్ల మీదికి నెట్టినాడు."

"ఆయప్ప అట్లాటోడు కాదులేవే" అన్నాడు నాయన.

"నీకేం, నీ సేతులు బాగుండాయి" అంది. ఆ రోజు నుంచి చర్చి మానేసింది. ఊరంతా తప్పించుకున్నా ఓర్చుకున్న మనిషి, ఆయన తప్పించుకున్నాడనుకొని కుమిలిపోయింది.

కొన్ని వారాలకు అయ్యగారు తలకు తువ్వాలు చుట్టుకొని మోపెడ్ మీద వచ్చారు. "ఏమ్మా, రాకుండా ఉండావు?"

"ఒంట్లో బాగలేదయ్యా."

"అబద్ధం."

"అయితే నిజమే సెప్తా. అందరి వంతులూ అయినాయి. నా వంతు కాడికొచ్చేతలికి మీకు నీళ్లు గుర్తొచ్చినాయి."

అయ్యగారి మొహం మాడిపోయింది. తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలోకి తీసుకున్నారు. "నాకు తట్టనేలేదమ్మా" అన్నారు. "ఇప్పుడు ఉతకమంటే ఊరికిచ్చిన మాట పోతాది. వద్దంటే నువ్వు నన్ను నమ్మవు. ఏం జేయల్లో నాకే తెలీడంల్యా. ఆదివారమైతే రా."

ఆ ఆదివారం ప్రభు భోజనం, బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం పెట్టి అందరికీ పంచే ఆరాధన. అమ్మను లాక్కుపోయినంత పనిచేశాను. చివరి వరసలో కూర్చుంది. అయ్యగారు పక్కగదిలోంచి అంగీ చేత్తో పట్టుకొని వచ్చారు. అమ్మ వంతుకు ముందురోజు ఎవరి సమాధికో వేసుకొని ఎండలో నడిచినదే, వారాల తరబడి నీళ్లు ముట్టనిది. అంచంతా ఎర్రదుమ్ము, మెడ దగ్గర చెమటకు పసుపు పచ్చగా మారింది.

సంఘపెద్ద లేచాడు. "అయ్యా, మాసినదేసుకొని బల్ల కాడ నిలబడతారా?"

"ఊరంతా మాసిన గుడ్డల్లో ఉంటే నాకొక్కనికి మల్లెపువ్వట్లాటిది యాలప్పా? ఏసుకోమన్నారు, ఏసుకుంటా. ఉతకొద్దని నేనే అంటి, ఉతికేది లేదు. వాన పడేదాకా వంతు వచ్చినోళ్లు ఉతికే బదులు నాకు దీన్ని తొడగల్ల." ఆయన చివరి వరస వైపు చూశారు. "వంతు నీదేనమ్మా. రా."

అమ్మ కదల్లేదు. నేను మోచేత్తో పొడిచాను. లేచి, కొంగు కింద చేతులు దాచుకొని, అందరి మధ్యనుంచి నడిచి వెళ్లింది. అంగీ అందుకోవాలంటే చేతులు బయటికి తీయాల్సిందే. తీసింది. చర్చి మొత్తం ఆ చేతులనే చూస్తోంది. అయ్యగారు చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాపి నిలబడ్డారు. అమ్మ ఒక్కో చెయ్యీ ఎక్కించి, భుజాలు సర్ది, కింది నుంచి ఒక్కో గుండీ పెట్టుకుంటూ పైకి వచ్చింది. మెడ దగ్గరి గుండీ పడలేదు. చెమటకు కాజా బిరుసెక్కింది, గోళ్లు ఆయన గొంతుకు తగులుతున్నాయి.

"తొందరేం ల్యాదమ్మా" అని అయ్యగారు కళ్లు మూసుకొని, ఆమె చేతులకు అందేలా గడ్డం పైకెత్తారు.