పేరు ముందే రాసిన గోడ

యోబు చేతిరాత చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. చర్చి గోడ మీద వాక్యాలు రాసి చెయ్యి తిప్పుకున్నాడు. ఆ తర్వాత అల్వాల్ నుంచి శామీర్‌పేట దాకా పార్టీ గోడలన్నీ అతనివే. గెలిచినవాళ్లకు అభినందనలు రాసేటప్పుడు మాత్రం అతనికో పద్ధతి ఉండేది. అంతా రాసి, పేరు చోటు ఖాళీగా వదిలేవాడు. ఫలితం రాకముందు పేరు రాస్తే అచ్చిరాదనేవాడు.

రెండువేల నాలుగులో ఆ పద్ధతి తప్పాడు. ప్రతిపక్షంలో కూర్చున్న పార్టీ ఢిల్లీలో తన పార్లమెంటరీ పక్షానికి ఉపనాయకుణ్ణి ఎన్నుకుంటోంది. పోటీలో మన ఎంపీ సారున్నాడు. ఎంపీలు ఎంపీలకు వేసుకునే ఓట్లతో గోడలు రాసుకునేవాడికేం పని అంటారా? ఉంది మరి! జవహర్‌నగర్‌లో చెత్తకుప్ప పక్కన యోబు కట్టుకున్న రెండు గదులు సర్కారు జాగాలో ఉన్నాయి. కూలుస్తామని నోటీసొచ్చింది.

"సారుకు గా పదవి రానియ్యి. నీ ఇంటి మీద చెయ్యేసేటోడు ఉండడు," అన్నాడు మండల నాయకుడు ముత్తయ్య. "గోడ ఇయ్యాల్నే రాయి. పేరుతోని రాయి."

రాశాడు. ఎలీషమ్మ మొగుడి కోసం ఉపవాసముండి ప్రార్థన చేసింది. పాపం పిచ్చిది, దేవుణ్ణి కూడా పార్టీ ఎన్నికల్లోకి లాగింది!

సాయంత్రానికి ముత్తయ్యకు ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. ఓటింగే జరగలేదట. పార్టీ పెద్దలు పిలిచి ఓ మాట చెప్పేసరికి సారు తప్పుకుని, అవతలివాడి పేరు తానే ప్రతిపాదించాడట. అందరూ చప్పట్లు కొట్టారు, ఏకగ్రీవం. నిన్నటిదాకా ఉప్పూ నిప్పూ, ఇవాళ పాలూ నీళ్లూ! వాళ్లకేం పోయింది, ఎటు తిరిగినా ఎంపీలే.

"పేరు కొట్టేసి కొత్తాయన పేరు రాయి యోబూ. మన సారే రాయమన్నడు," అన్నాడు ముత్తయ్య, గోడకేసే చూస్తూ.

"మరి నా ఇల్లు, అన్నా?"

"సూద్దం తియ్యి."

కోపం వస్తుందేమోనని యోబు కాసేపు చూశాడు, రాలేదు. ఏడుపూ రాలేదు. సున్నం కొట్టి, ఆరనిచ్చి, కొత్త పేరు రాశాడు.

నెల తిరక్కుండానే ఎమ్మార్వో ఆఫీసువాళ్లు జీపులో దిగారు. కూల్చే ఇళ్లకు అంకెలు వెయ్యాలి, వెంట పెయింటరు లేడు. బస్తీలో ఎవరో యోబును చూపించారు. ఎర్ర రంగు డబ్బా అతని చేతికిచ్చారు. ఇంటింటికీ అంకె వేసుకుంటూ వచ్చి, యోబు తన గుమ్మం పక్కన ఆగాడు.

"ఏందయ్యా, నువ్వే రాస్తున్నవా?" ఎలీషమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవలో ఒకలు రాస్తరు గద," అన్నాడు.

అంకె వేశాడు. కొంచెం వంకర పోయిందనిపించింది. గుడ్డతో తుడిచి, మళ్లీ వేశాడు.