ఆ పాట అయిపోగానే వచ్చే పాట

ఈ సాయంత్రం అమీర్‌పేటలో మా టైలర్ దగ్గరికి జాకెట్లు తెచ్చుకోవడానికి వెళ్లాను. హుక్కులు కుడుతున్నానని కూర్చోమన్నాడు. రేడియోలో పాత హిందీ పాట వస్తోంది. అది అయిపోగానే నాకు తెలియకుండానే ఇంకో పాట అందుకున్నాను. సరిగ్గా అప్పుడే అతనూ అదే పాట ఎత్తుకున్నాడు! రేడియోలో మాత్రం చీరల ప్రకటన మొదలైంది.

ఇద్దరం ఆగి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"మీ ఇంట్ల సుత గా గులాబీ అట్ట క్యాసెట్ ఉండెనా మేడం? అండ్ల గిది కాంగనే గదే పాట వస్తుండె" అన్నాడు.

"ఉండేది! మా నాన్న పంజగుట్టలో కొన్నారు. నాకొచ్చిన హిందీ పాటలన్నీ అందులోవే."

"మా బాపు సిరిసిల్లల మగ్గాల కాడ పొద్దంత గదే పెట్టేటోడు. మస్తు రోజులు గవన్నీ ఒక్క సినిమా పాటలే అనుకున్న, పిచ్చోని లెక్క!"

నాకు నవ్వు రాలేదు. "అంటే... ఒకే సినిమా కాదా?" అన్నాను.

పాపం, నవ్వు ఆపుకోలేక సూది కింద పెట్టేశాడు.

ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే ఆ క్యాసెట్‌లో ప్రతి పాటా ఒక్కో సినిమాలోది. ఒక్క హీరోకే ఇన్ని ప్రేమలు, ఇన్ని ఎడబాట్లా అని ఇన్నేళ్లూ జాలిపడ్డాను! మీలోనూ ఇలాంటివాళ్లుంటే చెప్పండి, నాకు తోడు కావాలి.