బొట్టు లేని విమానం

కుప్పంలో మా ఇంటి గేటుకు నిన్న రంగు వేయించాను. పెయింటరు డబ్బా మూత తీసి, అందులో కాస్త టర్పెంటైను పోసి పుల్లతో కలుపుతున్నాడు. ఆ వాసన వరండా దాటి లోపలికి రాగానే నా కుడిచేతి వేళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. అరవై దాటి చాలా కాలమైంది, అయినా ఆ వాసన తగిలితే ఇరవై రెండేళ్ళ పిల్లలా కంగారుపడతాను. రంగు వాసన మిగతావాళ్ళకు ఏ పండగనో పెళ్ళినో గుర్తుచేస్తుందేమో గానీ, నాకు మాత్రం మదనపల్లెలో దేవదానం సార్ ల్యాబు గుర్తొస్తుంది. అక్కడ నేను నేర్చుకున్నది రక్తం తీసి పరీక్ష చేసే పని. నేర్పించింది మాత్రం జపాను యుద్ధవిమానాల మీద.

డెబ్బైల చివరి మాట. నాన్న పోయాక పుంగనూరులో అమ్మ బట్టలు కుట్టి నన్ను ఇంటరు దాకా చదివించింది. ఆమె చూపు మందగిస్తోంది, సూదిలో దారం ఎక్కించడానికి నన్నే పిలుస్తోంది. నేను ఏదో ఒక పనిలో కుదురుకోకపోతే ఇల్లు గడవదు. ఎవరో చెబితే నన్ను వెంటబెట్టుకుని మదనపల్లెకు తీసుకొచ్చింది. దేవదానం సార్ యుద్ధకాలంలో సైన్యపు ఆసుపత్రిలోనూ, ఆ తర్వాత చాలా ఏళ్ళు మిషన్ ఆసుపత్రిలోనూ పనిచేసి, రిటైరయ్యాక బస్టాండు దగ్గర ఒక గదిలో సొంతంగా ల్యాబు పెట్టుకున్నారు. సన్నగా, పొడవుగా, ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. ఆయన చెప్పిన పనంతా నాకు వెంటనే బుర్రకెక్కింది. ఎక్కనిదల్లా నా చేతికే. నాకు చిన్నప్పటినుంచీ కంగారెక్కువ, ఆ కంగారంతా వచ్చి నా వేళ్ళలో కూర్చునేది. మొదటిరోజు నిమ్మనపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన వేలు పట్టుకుని సూది ఎత్తాను. చేయి ఎంత వణికిందంటే, ఆయన తన వేలు వెనక్కి లాక్కుని సార్ వైపు దీనంగా చూశాడు.

“ఏమ్మా, చలిజరమా?” అన్నారు సార్.

“లేదు సార్. భయం.”

“గుచ్చేదానికి భయమైతే ఈడ ఇంగేం పనుండాదమ్మా?”

నా ఉద్యోగం ఆరంభమైన పూటే అయిపోయిందనుకున్నాను. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కొంగు మడత పెడుతున్నాను. సార్ ఆ పెద్దాయన రక్తం తానే తీసి పంపించి, నన్ను వెనకనున్న అద్దాల బీరువా దగ్గరికి పిలిచారు. లోపల వరసగా చిన్న చిన్న విమానాలు, ఒక్కోటి జానెడు కూడా ఉండదు. పైన ముదురాకుపచ్చ, కింద బూడిదరంగు, రెక్కల ముందంచుకు పసుపుపచ్చ గీత, రెక్కల మీద గుండ్రంగా ఎర్రటి గుర్తు. పండగనాడు గడపకు పసుపు పూసి కుంకుమ పెట్టినట్టు అనిపించింది నాకు. సార్ మేనల్లుడు ఓడలో వంటవాడు, జపాను రేవుకు వెళ్ళినప్పుడల్లా ఈ బొమ్మల పెట్టెలు తెచ్చిచ్చేవాడట. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుంటాయి. సార్ వాటిని అతికించి, మధ్యాహ్నం రోగులు లేనప్పుడు సన్న కుంచెతో రంగులు వేసేవారు.

“నెల దినాలు నువ్వు మనుషుల్ని ముట్టుకోవద్దు. వీటికి బొట్లు పెట్టు,” అన్నారు.

ఆ ఎర్ర గుర్తులు కుంచెతో వేసేవి కావు. డెకాల్ అంటారు. కాగితం మీద ఉల్లిపొరంత పలచటి బొమ్మ అచ్చువేసి ఉంటుంది. నీళ్ళలో కాసేపు నానితే పొర కాగితాన్ని వదిలి జారుతుంది. దాన్ని తడికుంచెతో రెక్క మీదికి జరిపి, కింద గాలిబుడగ లేకుండా తడిదూదితో అద్దాలి. రెక్క గరుకుగా ఉంటే పొర కింద తెల్లగా పొగ కమ్మినట్టు కనబడుతుంది, అందుకని ముందే వార్నిషు పూసి నున్నగా చేయాలి. మదనపల్లె కొళాయి నీళ్ళు పనికిరావు, ఆరితే ఉప్పు మరక మిగులుతుంది. పరీక్షలకు వాడే డిస్టిల్డ్ వాటరే కావాలి. తెల్లకణాలు లెక్కపెట్టడానికి మేము వాడే పలచటి ఆమ్లం ఒక చుక్క వేస్తే పొర మెత్తబడి రెక్క మీది గీతల్లోకి దిగుతుంది. రక్తపు చుక్క మీద పలచటి గాజు మూత దించేటప్పుడూ ఇదే ఒడుపు కావాలని సార్ చెప్పేవారు. ఆ మాటలన్నీ నేను సగం సగమే విన్నాను. ఒక్కో విమానానికి ఒకే ఒక్క కాగితం, అది పాడైతే మళ్ళీ ఓడ రావాలి అన్న సంగతి మాత్రం నా చెవుల్లో మోగుతూ ఉండేది.

మొదటి గుర్తు నీళ్ళలో వేసి, వణుకు తగ్గాక తీద్దామని చూస్తూ కూర్చున్నాను. అది కాగితాన్ని వదిలి తేలిపోతోంది. నా వణుకు మాత్రం నన్ను వదలలేదు.

“వణుకు పోయేదాకా కాసుకోనుంటే ముసిలిదానివై పోతావు. వణకతానే పెట్టు,” అన్నారు సార్ వెనకనుంచి.

పెట్టాను. వంకరగా పడింది. ఏడుపొచ్చింది. ఆయన తడికుంచె తీసి నా చేతికిచ్చి, “తడి ఉండేదాకా జరుపుకోవచ్చు. ఏడ్సేదానికి ఇంకా టైముండాది,” అన్నారు. ఆయన ఎగతాళి ఎప్పుడూ ఇలాగే ఉండేది, నవ్వకుండా అనేవారు. నెల తిరిగేసరికి మూడో నాలుగో విమానాలకు గుర్తులు పెట్టాను. ఆ తర్వాత మనుషుల వేళ్ళు పట్టుకున్నాను. వణుకు పోలేదు, కానీ సూది వెళ్ళాల్సిన చోటికి వెళ్ళడం మొదలుపెట్టింది. జీతం తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టిన రోజు కూడా, ఇది ఎన్నాళ్ళ ముచ్చటో అని లోలోపల గుబులుగానే ఉంది.

బీరువాలో ఒక విమానానికి మాత్రం గుర్తుల్లేవు. రంగులన్నీ వేయడం అయిపోయి, మెరుస్తూ, అన్నిటికంటే పై అరలో ఒంటరిగా ఉండేది. అడగాలని నోటిదాకా వచ్చేది, సార్ ముఖం చూసి మింగేసేదాన్ని. ఆ సంగతి బయటపడింది మునెమ్మ వల్ల. మునెమ్మ మా ల్యాబులో గాజుపలకలు కడిగి, ఊడ్చే మనిషి. సార్ క్రైస్తవులు, అయినా ఆయుధపూజ రోజు మునెమ్మ మైక్రోస్కోపుకూ మిగతా సామానుకూ పసుపు కుంకుమలు పెడితే ఏమీ అనేవారు కాదు. ఆ ఏడు పొద్దున్నే సారూ నేనూ లోపలికి అడుగుపెట్టేసరికి, ఆ గుర్తులేని విమానం బల్ల మీద ఉంది. రెండు రెక్కల మీదా తడికుంకుమతో పెద్ద పెద్ద బొట్లు.

“అన్నిటికీ ఎర్రబొట్లు ఉండాయి సామీ, దీనికే లేదు. పండగపూట బోసి మొగంతో యాల ఉండల్లని నేనే పెట్టినా,” అంది మునెమ్మ సంబరంగా.

సార్ ముఖం పాలిపోయింది. స్టూలు మీద కూర్చుండిపోయారు. మునెమ్మకు ఉద్యోగం పోయిందనుకుని ఆమె తరఫున నేను వణికాను. ఆయన మాత్రం, “మంచిపనే చేసినావులే. పో, మాకు టీ తీసుకురా పో,” అని ఆమెను పంపించారు. దూది తడిపి బొట్లు తుడిచారు. రెక్కల మీద లేత గులాబి మరక మిగిలింది. దాన్ని చూస్తూనే చెప్పారు.

“నాకప్పుడు నీ వయసు గూడా లేదమ్మా. బర్మా సరిహద్దులో గుడారాల ఆసుపత్రి. రెక్కల కింద ఈ ఎర్రగుర్తు కనపడిందంటే గుంతలో దూకేదే. ఒగ దినం ఒగ విమానం కూలింది. ఇదే రకం. దాన్ని నడిపే పిల్లోణ్ణి మా గుడారానికే ఎత్తుకొచ్చినారు. రక్తం ఎక్కించల్ల, ముందు గ్రూపు సూడల్ల. సూది నా చేతికిచ్చినారు.”

“మీకు భయమేయలేదా సార్?”

“యాల వెయ్యదు? వాడు నన్ను సూసి వణకతాండాడు, నేను వాణ్ణి సూసి వణకతాండాను. ఆఖరికి వాడే రెండో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు, సూది కదలకుండా. తెల్లారేలోపల పోయినాడమ్మా. పేరు గూడా తెలీదు. పేరు లేకుండానే పూడ్సేసినాము.”

మేనల్లుడు తెచ్చిన మొదటి పెట్టె అదేనట. రంగులన్నీ వేసి, గుర్తు పెట్టబోయేసరికి చేయి లేవలేదట. ఆ కాగితం పెట్టెలోనే ఉండిపోయింది. ఆయన మీద ఎంతో జాలి కలిగింది, అబద్ధం ఎందుకు, అంతకంటే ఎక్కువగా నా మీద నాకే దిగులేసింది. ఇన్నేళ్ళయినా ఈయనకే పోని వణుకు నాకెక్కడ పోతుందని.

ఎనభైల మొదట్లో నాకు కుప్పంలో ఒక నర్సింగ్ హోములో ఉద్యోగం దొరికింది. అక్కడ వెనక సార్ ఉండరు. ప్రతి ఉదయం ఈరోజు ఏమవుతుందో అనుకుంటూనే తలుపు తీసేదాన్ని. ఒకరోజు వాంతులు విరేచనాలతో నీరసించిపోయిన చిన్నపిల్లను తీసుకొచ్చారు. నరాలు లోపలికి పోయి కనబడటం లేదు. ఒకసారి గుచ్చాను, దొరకలేదు. మళ్ళీ గుచ్చాను, దొరకలేదు. తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని, “వద్దమ్మా, నీ చెయ్యి ఆడతాండాది. ఇంకెవరన్నా ఉంటే పిలువు తల్లీ,” అంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని, ఆమె బతిమాలింది. డాక్టరుగారు వచ్చి తీశారు, పిల్ల కోలుకుంది. నేను మాత్రం ఆ రాత్రంతా నా చేతిని చూసుకుంటూ కూర్చున్నాను. ఏదో ఒకనాడు ఈ చేతివల్ల ఎవరికో ప్రాణం మీదికి వస్తుందని నమ్మకం కుదిరిపోయింది. మానేద్దామనుకున్నాను. అమ్మ అప్పటికి కుట్టుమిషను తొక్కడం పూర్తిగా మానేసింది, ఇద్దరికీ నా జీతమే ఆధారం. ఆదివారం మదనపల్లె బస్సెక్కాను. గంగవరం దాటి పుంగనూరు వచ్చినా దిగలేదు, అమ్మ ముఖం చూస్తే మాట మారిపోతుందని భయం.

సార్‌కు పక్షవాతం వచ్చిందని విన్నాను గానీ, అంతగా చిక్కిపోయి ఉంటారని అనుకోలేదు. ల్యాబు మూసేశారు. కుడిచేయి ఒళ్ళో పడి ఉంది, మాట ఒక పక్కకు జారుతోంది. సుగుణమ్మగారు, ఆయన భార్య, నన్ను చూడగానే, “నీకోసమే పలవరిస్తాండారమ్మా,” అన్నారు. బల్ల మీద ఆ విమానం, పక్కన దాని పెట్టె.

“సార్, నేనీ పని మానేస్తాండాను,” అన్నాను నిలబడే.

ఆయన ఎడమచేత్తో పెట్టెను నా వైపు జరిపారు. “మానుకుందువులే. దీనికి బొట్టు పెట్టి పో.”

“నా వల్ల కాదు సార్.”

“నా వల్లా కాలేదు. ఇప్పుడీ చెయ్యీ పోయింది. నేను పోయినాక దీన్ని సూసినోళ్ళకు ఇది ఎవరిదో తెలియల్ల గదమ్మా. వానికీ ఒగ దేశముండాది.”

కూర్చున్నాను. కాగితం పాతబడి పసుపురంగు తిరిగింది. ఉన్నది అదొక్కటే, ఇంకోటి రాదు, తెచ్చివ్వడానికి ఆ మేనల్లుడూ ఇప్పుడు ఓడలో లేడు. గుర్తు కత్తిరించి గిన్నెలోని నీళ్ళలో వేశాను. కాసేపాగి కుంచెతో తాకాను. తాకీ తాకకముందే ఎర్రటి పొర ముక్కలు ముక్కలై నీళ్ళలో విడిపోయింది. “అయ్యో ప్రభువా,” అన్నారు సుగుణమ్మగారు గుమ్మంలోంచి. ఆయన ఇన్నేళ్ళు దాచుకున్నదాన్ని ఒక్క క్షణంలో నీళ్ళపాలు చేశాను. సార్ ముందుకు వంగి గిన్నెలోకి చూశారు. ఆయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుస్తున్నారనుకున్నాను. సగం నోటితో నవ్వుతున్నారు.

“ఇంగ యాల భయం? నువ్వు భయపడిండేది అయిపోయింది గదా. ఇప్పుడు పెట్టు.”

“ముక్కలైపోయింది సార్.”

“ముక్కలే పెట్టు. కూలిన విమానమే గదా అది.”

ఒక్కొక్క ముక్కనే కుంచె కొసతో ఎత్తి రెక్క మీద పరిచాను. చేయి ఎప్పటిలాగే వణికింది. అంచుకు అంచు జరుపుతూ పోతే గుండ్రం మెల్లమెల్లగా కుదిరింది, మధ్యలో సన్నని గీతలు మిగిలాయి. రెండో రెక్క గుర్తు కూడా పగిలింది. ఈసారి సార్ వైపు చూడకుండానే ముక్కలు ఏరుకున్నాను. అన్నీ పెట్టి లేచేసరికి పొద్దు వాలుతోంది. ఆయన ఎడమచేత్తో విమానాన్ని దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూశారు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. తర్వాత భార్యను పిలిచి, “వసంతమ్మకు బిరీన అన్నం పెట్టు. బస్సుకు పోవల్ల, రేపు ఆయమ్మకు డ్యూటీ ఉండాది,” అన్నారు.

మానేస్తానన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మరుసటిరోజు కుప్పంలో నా ముందు కూర్చున్నది ఒళ్ళో చంటిబిడ్డను పెట్టుకున్న ఒక తల్లి. ఆమె కళ్ళు నా వేళ్ళ మీదే ఉన్నాయి. ఆమె అనకముందే నేనే అన్నాను, “నా చెయ్యి ఎప్పుడూ ఇంతేనమ్మా, వణకతానే పని చేస్తాది.” ఆమె బిడ్డ చేతిని నాకందించింది. ఆ ఏడాది తిరగకుండానే సార్ పోయారు. భయం పోతుందని ఆయన నాకు ఏనాడూ చెప్పలేదు, అది పోనూ లేదు. రిటైరై ఇన్నేళ్ళయినా మా వీధిలో ఎవరికి రక్తం తీయాలన్నా నన్నే పిలుస్తారు. ఎవరి చేయి పట్టుకున్నా గుండె దడదడలాడుతుంది. ఆడనీ అనుకుని సూది అందుకుంటాను.