ఐదు నిమిషాలు వెనక

సోమవారం ఉదయం తొమ్మిది గంటల మూడు నిమిషాలకు, రాజోలు దగ్గర మా కాలేజీ గేటులోని వేలిముద్ర యంత్రం ఒక అమ్మాయికి ఆలస్యం అని చూపించింది. ఆమె వెనక వచ్చినవాళ్లకీ అలాగే చూపించింది. అందరూ గోదావరి అవతల నుంచి పంటు మీద ఏరు దాటి వచ్చేవాళ్లే. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

అంతకుముందు ఆ యంత్రం వాళ్లని ఎప్పుడూ పట్టుకోలేదు. నేను అక్కడ లైబ్రేరియన్ని. కంప్యూటర్లు చూసుకున్నది నా భార్య. బయటివాళ్లు నెట్‌లోంచి చొరబడకుండా కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టెకే, అన్ని యంత్రాలకూ టైమ్ చెప్పే పని కూడా ఆవిడ అప్పగించింది. ఆ టైమ్‌ని ఐదు నిమిషాలు వెనక్కి పెట్టింది.

"కాపలా పెట్టెకి గడియారం పనెందుకు?" అన్నాను ఒకసారి.

"మన గేటు దగ్గర గంట కొట్టేది వాచ్‌మనే కదండీ! పంటు దిగిన పిల్లలు నడిచి రావద్దా మరి?" అంది.

ఆవిడ చనిపోయిన నెలకి కొత్త ఇంజనీరు వచ్చాడు. నెమ్మదస్తుడు. "ఫైర్‌వాల్ మీద వేరే పనులు ఉంచకూడదండీ" అని అవి తీసేసి, సరైన టైమ్ పెట్టాడు.

నేను ప్రిన్సిపాల్ గారికి పంటు సంగతి చెప్పాను.

"మేడమ్ గారి పనా అది! నా ఫోనులో టైముకీ ఆ గేటు టైముకీ ఎప్పుడూ పడేది కాదండీ" అని ఆయన నవ్వారు. తర్వాత మొదటి క్లాసుని పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేలా మార్చారు.

ఇప్పుడు మా కాలేజీలో గడియారాన్ని ఎవరూ వెనక్కి పెట్టడం లేదు.