ఆడమ్మా

మా హోసూరు తెలుగులో ‘ఆడ’ అంటే అక్కడ. ‘ఆడమ్మా’ అని అరిస్తే ‘అక్కడమ్మా’ అనీ అవుతుంది, ‘ఆటాడమ్మా’ అనీ అవుతుంది. ఏది ఏదో మా అమ్మాయికి నా గొంతును బట్టి తెలుసు. సాగదీసి అంటే ఖాళీగా ఉన్న చోటికి పరుగెత్తమని. తుంచి అంటే ఆగకుండా ఆడమని. చిన్నప్పటి నుంచీ మూకండపల్లి మైదానంలో నేను బంతి తన్ని అలా అరిస్తే అది పరుగెత్తేది. రుమేనియా ఆయన వచ్చేదాకా ఆ మాట మా ఇద్దరిదే.

ఆయన భార్య ఇక్కడి ఒక ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చింది. ఆవిడ వెంట ఆయన వచ్చాడు. ఆట మానేసిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఇంట్లో పొద్దుపోక ఒక సాయంత్రం మైదానానికి వచ్చి గట్టున కూర్చున్నాడు. నేను అప్పుడే లేతు మెషీను దగ్గర షిఫ్టు ముగించుకుని, చేతుల నూనె వాసన కూడా పోకముందే, ఆడపిల్లల జట్టుకు ఆట నేర్పుతున్నాను. మర్యాదకని ఆయనను పిలిచాను. పిలవకపోయినా బాగుండేది. వచ్చిన బంతిని కాలితో ఆపి, అటువైపు చూడకుండానే మైదానం అవతలి కొసకు పంపాడు. పిల్లలంతా నోళ్ళు తెరిచారు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకెప్పుడూ కొట్టలేదు.

కొన్నాళ్ళకే ఆయన కోచ్ అయ్యాడు, నేను బంతులకు గాలి కొట్టేవాణ్ణయ్యాను. టీ కొట్టాయన ఊరుకుంటాడా?

“ఏమప్పా, నీ ఉద్యోగం పోయినట్టుందే?”

“ఈడ జీతమా గీతమా, పోయేదానికి?”

“ఆయప్పది యా దేశం?”

“రుమేనియా.”

“రుమాలీ రొట్టె మాదిరుందే.”

పేరు భలే కుదిరిందనుకున్నాను. ఆయన పరువు కాస్తయినా తగ్గుతుందని ‘రుమాలీ సారు’ అంటూ కనబడిన వాళ్ళందరి దగ్గరా ప్రచారం చేశాను. పిల్లలు అదే పేరు ముద్దుగా పిలవడం మొదలుపెట్టారు. ఆయనా నవ్వుతూ పలికాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

ఇంట్లో అన్నం ముందు కూడా ఆయన గోలే. సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటూ మా అమ్మాయి ఆయన చరిత్రంతా చెప్పేది. చిన్న ఊరి జట్టులో ఎడమ వైపు ఆటగాడిగా మొదలుపెట్టాడట. మంచు పడుతున్నా ఆడేవాళ్ళట. ఏళ్ళ తరబడి రెండో స్థాయి జట్లలోనే తిరిగి, ఒకే ఒక్క ఏడాది పెద్ద లీగులో ఆడాడట, అదీ ఎక్కువగా బెంచీ మీదేనట. ఆ తర్వాత మోకాలు పోయిందట. నాదీ ఎడమ వైపు ఆటే, నాదీ మోకాలే పోయింది. నేను కృష్ణగిరిలో కార్నర్ నుంచి నేరుగా గోలు కొట్టిన సంగతి మొదలుపెడితే మాత్రం, “తెలుసు నాయనా, గాలికి తిరిగిందంటివి కదా,” అని మళ్ళీ ఆయన దగ్గరికే పోయేది.

ఒకరోజు ఫోనులో ఆయన పాత వీడియో చూపించింది. వానలో పెనాల్టీ. ఆయన తన్నిన బంతి గోలు మీదుగా ఎక్కడికో పోయింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఫోను లాక్కుని మళ్ళీ మళ్ళీ చూశాను. చూడగా చూడగా కడుపు మండింది. ఆయన పోగొట్టినదాన్ని కూడా జనం గొడుగులు పట్టుకుని నిలబడి చూశారు. ఎవరో దాచి ఉంచారు. నేను కొట్టినదానికి నేను తప్ప సాక్షి లేడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం నేను బంతులు సంచిలో వేస్తుంటే వెనక నుంచి “ఆడమ్మా” అని వినబడింది. తిరిగి చూస్తే ఆయన.

“ఎవరు నేర్పించినారు?” అని అమ్మాయిని అడిగాను.

“నేనే నాయనా. నువ్వు ఏమని అరుస్తావో చెప్పమని సారు అడిగినాడు. ఎంత బాగా అంటాడో చూడు.”

మైదానం ఇచ్చాను, జట్టు ఇచ్చాను, నోరెత్తలేదు. ఆ మాట తీసి ఇవ్వడానికి దీనికి మనసెలా ఒప్పింది? ఆ రాత్రి దానితో మాట్లాడలేదు. అది గమనించనూ లేదు.

కృష్ణగిరిలో పోటీ వచ్చింది. ఆయన గీత పక్కన, నేను జనంలో మెట్ల మీద. గెలుపోటములతో నాకు పని లేదు. నా కూతురు ఎవరి గొంతు వింటుందో తేల్చుకోవాలనే సెలవు పెట్టి మరీ పోయాను. ఆట చివరికొచ్చినా ఎవరికీ గోలు రాలేదు. మా జట్టు పిల్ల ఒకతె బంతి తీసుకుని కుడి వైపు నుంచి వస్తోంది. ఎడమ వైపంతా ఖాళీ. మా అమ్మాయి నడుమ నిలబడి దిక్కులు చూస్తోంది. రుమాలీ సారు, దెబ్బ తగిలి బయటికొచ్చిన పిల్ల ముందు వంగి కాలు చూస్తున్నాడు. నేను లేచి నిలబడి, గొంతు చిరిగేలా సాగదీసి, “ఆ…డమ్మా” అని అరిచాను.

అది ఎడమ వైపుకు పరుగెత్తింది. బంతి వచ్చింది. గోలు.

నేను మెట్లు దిగేలోపల అది పోయి ఆయన మెడ పట్టుకుని గెంతుతోంది. అయినా నాకు కోపం రాలేదు. నా మాటే విన్నది కదా అనుకున్నాను. తిరుగు బస్సులో శూలగిరి దాటేదాకా ఓపిక పట్టి, అప్పుడు అడిగాను.

“ఎవరు అరిస్తే పరుగెత్తినావు పాపా?”

“సారే కదా. సాగదీసి అరిచినాడే.”

“ఆయప్ప వంగుకొని ఆ పాప కాలు చూస్తా ఉండె. అరిచింది నేను.”

అది ఆశ్చర్యంగా నా మొహంలోకి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, నన్ను మెచ్చుకుంటున్నట్టు నవ్వింది.

“అవునా నాయనా? అచ్చం సారు మాదిరే అరిచినావే. ఎప్పుడు నేర్చుకొన్నావు?”