నేను చెరిపేసిన రెండు వాక్యాలు

సౌదీలో నితాఖత్ చెకింగులు, అంటే పర్మిట్ లేకుండా పనిచేసే విదేశీయుల కోసం తనిఖీలు, ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఖమీస్ ముషైత్‌లోని ఒక ఇండియన్ స్కూల్లో ఏడో తరగతి ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. నాది మావారి మీద వచ్చిన ఫ్యామిలీ వీసా, ఉద్యోగం చేయకూడదు. తనిఖీవాళ్ళు గేటు దగ్గరికి రాగానే నాలాంటి టీచర్లం నలుగురం పిల్లల టాయిలెట్లో దూరి గడియ పెట్టుకునేవాళ్ళం. ఆ కంపు ఒంటిమీది నల్ల అబాయాకి పట్టి ఇంటిదాకా వచ్చేది.

అదే నెలలో, "మీ చుట్టూ మారాల్సినదేదో రాయండి, భయపడకండి" అని పిల్లలకు చెప్పాను. ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, అందరూ ఒకే ఆన్‌లైన్ పేజీలో రాయాలి. కడప పిల్ల నఫీసా రాసింది: "మా టీచర్లు దొంగలు కారు. వాళ్ళు టాయిలెట్లో ఎందుకు దాక్కోవాలి?"

హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, "అది తీసెయ్యండి టీచర్. చెకింగ్ వాళ్ళ కంటపడితే మీ అందరికీ ఎగ్జిట్టే, దేశం నుంచి పంపించేస్తారు" అంది.

సాయంత్రం ఇంట్లో కూర్చుని ఒక్కో అక్షరం చెరిపేశాను. ఎవరు ఏం చెరిపినా, పేజీ తెరిచి ఉంచిన వాళ్ళందరికీ పేరుతో సహా కనబడుతుందని పిల్లలకు నేర్పింది నేనే. ఆ కంగారులో నాకే గుర్తు లేదు. ఖాళీ అయిన చోట కొత్త అక్షరాలు పడ్డాయి.

"టీచర్, నేను చూస్తూనే ఉన్నాను. తప్పు రాశానా?"

లాప్‌టాప్ మూసేశాను. మర్నాడు క్లాసులో, "వాక్యం సరిగ్గా కుదరలేదమ్మా, అందుకే తీసేశాను" అన్నాను.

"సరే టీచర్" అంది నఫీసా, నా ముఖం చూడకుండా.

టాయిలెట్లో ముక్కు మూసుకుని నిలబడినప్పుడు కూడా నామీద నాకు అంత రోత పుట్టలేదు.