ప్రెస్ నోట్ ధనుంజయ్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పే గెస్ట్ లెక్చరర్లకు ఒక సంఘం ఉంది. దానికి అధ్యక్షుడు ఉన్నాడు, కార్యదర్శి ఉన్నాడు, ఇద్దరు ఉపాధ్యక్షులు కూడా ఉన్నారు. కానీ అలాంటి సంఘం ఒకటుందని లోకానికి తెలిసిందంటే ధనుంజయ్ వల్లే. పదకొండేళ్ళుగా పేపర్లకు వార్త రాసి పంపేది అతనే. ఇంటిపేరు చెప్తే ఎవరికీ తెలియదు. ప్రెస్ నోట్ ధనుంజయ్ అంటే మూడు ఊళ్ళలోనూ గుర్తుపడతారు.

పెన్‌పహాడ్ దగ్గర కౌలు చేసుకునే బక్కయ్య కొడుకతను. రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీ చేశాడు. వయసు నలభై రెండు. ప్రతి వేసవిలో కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. పదేళ్ళుగా తాను పాఠం చెప్తున్న కాలేజీలోనే ఇంటర్వ్యూకి కూర్చుని, "ఇదివరకు ఎక్కడైనా బోధించారా?" అన్న ప్రశ్నకు మర్యాదగా జవాబు చెప్పాలి. జూన్‌లో వచ్చే జాబితాలో పేరుంటే ఆ ఏడు గడుస్తుంది. భార్య సుమతి అంగన్‌వాడీ టీచర్. ఆమెకూ ఒక సంఘం ఉంది, ఆ సంఘం నోట్లు కూడా ఇతనే రాసిపెడతాడు. ఫూలే జయంతి, అంబేద్కర్ జయంతి, మహిళా దినోత్సవం, ఎవరు సభ పెట్టినా ముందు రోజు ఫోన్ ఇతనికే వస్తుంది.

నోట్ రాయడంలో ఒక పద్ధతి ఉంది. ధర్నా పదకొండింటికైతే నోట్ తొమ్మిదింటికే విలేకరికి చేరిపోవాలి, ఎందుకంటే అతనికి ఇంకో నాలుగు మండలాల వార్తలు పంపే పనుంటుంది. కాబట్టి అధ్యక్షుడు జగదీష్ మైకు పట్టుకోకముందే ఆయన ఏమేం డిమాండ్ చేశారో ధనుంజయ్ రాసేస్తాడు. జగదీష్ కూడా ఫోన్‌లో ఆ నోట్ చూసుకునే మాట్లాడతాడు. ఇందులో దాచుకునేదేం లేదు. ఈ జిల్లాలో అన్ని సంఘాలూ చేసేది ఇదే.

అసలు తంటా చివర్లో వచ్చే పేర్ల దగ్గర. కెమిస్ట్రీ సార్ పేరు తర్వాత జువాలజీ సార్ పేరు పడితే ఆర్నెల్లు ఇద్దరి మధ్య మాటలుండవు. రానివాళ్ళది ఇంకో గోల. పొద్దున్నే ఫోన్ చేస్తారు. "అన్నా, క్లాసులున్నయ్, నేనొస్తలేను. నా పేరు మాత్రం జర ఎయ్యి." ధనుంజయ్ వేస్తాడు. పేరే కదా, రాస్తే పోయేదేముంది అనుకునేవాడు. ఎవర్నీ చిన్నబుచ్చడం తెలియని మనిషి. ఆ మంచితనం కొంప ముంచింది. అదీ ఇంకొకరి కొంప.

నిరుడు ఏప్రిల్‌లో సూర్యాపేట కలెక్టరేట్ ముందు ధర్నా పెట్టారు. పన్నెండు నెలలకూ జీతమివ్వాలని, ఆడవాళ్ళకు ప్రసూతి సెలవివ్వాలని అడిగారు. నడిగూడెం అమ్మాయి అఖిల తప్పకుండా వస్తానంది. ఆ మూడు ఊళ్ళలో ఒకచోట ఆమె జువాలజీ చెప్తుంది. ఏ ఊరో చెప్తే అక్కడి ప్రిన్సిపాల్ ఎవరో తెలిసిపోతుంది, కాబట్టి వద్దులెండి. ధనుంజయ్ ఆమె పేరు రాసి, తొమ్మిదింటికి నోట్ పంపేశాడు. పదిన్నరకు అఖిల మెసేజ్ వచ్చింది. "సార్, రాలేకపోతున్నానండి. పర్మనెంట్ సార్ తన ల్యాబ్ క్లాసు కూడా నన్నే తీసుకోమన్నారు. ఏమనుకోకండి."

బ్యానర్ తాడు కడుతూ ధనుంజయ్ ఆ మెసేజ్ చదివాడు. పర్లేదమ్మా అని జవాబిచ్చాడు. విలేకరి వినయ్‌కి ఫోన్ చేసి పేరు తీసెయ్యమంటే అర నిమిషం పని. చెయ్యలేదు. ఆ కాలేజీ నుంచి నోట్‌లో ఉన్నది ఆమె పేరొక్కటే, అది తీసేస్తే మూడు పట్టణాల నుంచీ వచ్చారన్న వాక్యం అబద్ధమవుతుందని అతని బాధ. ధర్నాకు పద్నాలుగు మంది వచ్చారు. మర్నాడు పేపర్లో ఇరవై రెండు పేర్లు వచ్చాయి.

మూడో రోజు అఖిల ఫోన్ చేసింది. ఏడుస్తున్నట్టు గొంతులో తెలుస్తూనే ఉంది.

"సార్, మా ప్రిన్సిపాల్ మెమో ఇచ్చారండి. ఆ రోజు మూడు పీరియడ్లు చెప్పినట్టు గెస్టుల రిజిస్టర్లో నా సంతకాలున్నాయి. అదే రోజు ధర్నాలో ఉన్నానని పేపర్లో ఉంది. పాఠం చెప్పకుండానే దొంగ సంతకం పెట్టానంటున్నారు."

"పిల్లలను అడగమను తల్లీ."

"గెస్టు మేడం చెప్పమన్నట్టే పిల్లలు చెప్తారంట. ల్యాబ్ క్లాసు నాకప్పగించిన ఆ పర్మనెంట్ సార్‌ని అడిగితే తనకేం తెలియదన్నారండి."

ఆయనకు తెలియకేం. ఆ రోజు సెలవు పెట్టకుండా ఇంటి దగ్గరున్నాడు, తెలుసంటే తన సంతకం సంగతి బయటపడుతుంది. ఇక మిగిలింది ధనుంజయ్ ఒక్కడే. మెమోకు జవాబు సోమవారంలోగా ఇవ్వాలి. జవాబు నచ్చకపోతే, దొంగ సంతకం అన్న మాటతో ఆమె పేరు కొత్త ఏడాది జాబితాలోంచి పోతుంది. ఆ మాట ఒకసారి ఫైలుకెక్కితే ఇంకే కాలేజీ తీసుకోదు. పాఠం చెప్పినందుకు ఆ అమ్మాయి దొంగయి కూర్చుంది.

జగదీష్ సూర్యాపేట బస్టాండ్ దగ్గర టీ తాగుతూ సంగతంతా విన్నాడు.

"గింత పరేషానెందుకు? రిపోర్టర్ పొరపాటని ఒక కాయితం రాసియ్. వినయ్ మనోడే, ఏమనుకోడు."

"వినయ్ నేనిచ్చిందే పంపిండు. ఆయన నౌకరీ మాత్రం గట్టిదా? పేపరోళ్ళు రేపొద్దున తీసేస్తరు."

"మరి మన నోట్ తప్పని మనమే రాసిస్తమా? కటింగులన్నీ కట్టగట్టి మంత్రికిచ్చినం. ఇగ వాటికేం ఇలువుంటది?" జగదీష్ గ్లాసు కింద పెట్టాడు. "ఇంకో మాట. ఆ రోజు పేరుండి రానోళ్ళు ఇంకా ఏడుగురున్నరు. వాళ్ళు గూడ కాలేజీలల్ల సంతకాలు పెట్టిన్రు. నీ కాయితం వట్టుకుని అందరి రిజిస్టర్లు తీసి పేపర్తోని సరిచూస్తే గిదే దొంగ సంతకం మాట వాళ్ళ మీదా వడ్తది, ఏడుగురు ఖతం. ఒక్కదానికోసం ఏడుగురిని ముంచుతవా?"

జగదీష్ అన్నది అన్యాయమేం కాదు. అందుకే ధనుంజయ్‌కి రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఆదివారం కూర్చుని రాశాడు. సంఘం లెటర్‌హెడ్ మీద కాదు, తెల్ల కాగితం మీద. అఖిల ఆ రోజు ధర్నాకు రాలేదని, రాలేనని ముందే చెప్పిందని, తెలిసి కూడా తానే పేరు తీయించలేదని, ఇందులో సంఘానికీ విలేకరికీ సంబంధం లేదని రాసి కింద సంతకం పెట్టాడు.

సుమతి దాన్ని రెండుసార్లు చదివింది. "అందరికోసం రాస్తవ్. నీకేమన్న అయితే నీకోసం రాసేటోళ్ళెవరు?"

"తప్పు చేసింది నేనే గదా."

ఆమె కాగితం మడిచి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. కోపంగానే ఉంది. వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

సోమవారం ప్రిన్సిపాల్ గదిలో అఖిల ఒక పక్కన నిలబడి ఉంది. ఆయన ఉత్తరం చదివి కళ్ళజోడు తీశాడు.

"మంచిదే. ఇట్ల ఇంకెంతమంది పేర్లు రాసినవయ్యా?"

"ఈమె గురించి చెప్పనీకి వచ్చిన సార్."

"అడిగినదానికి చెప్పు. మిగతా పేర్లు నిజమేనా?"

"ఈమె గురించే వచ్చిన సార్."

మూడోసారి అడిగినా అదే జవాబు. ప్రిన్సిపాల్‌కు చిర్రెత్తుకొచ్చింది. అయినా చేతిలో సంతకం చేసిన కాగితముంది, కాదనే వీలు లేదు. అఖిల మెమో మీద అడ్డంగా గీత కొట్టి, వివరణ అంగీకరించడమైనదని రాశాడు. ఉత్తరం జిరాక్స్ తీయించి, ఒక ప్రతి ధనుంజయ్ పనిచేసే కాలేజీకి పంపుతున్నానని అతని ముందే చెప్పాడు. అఖిల వరండాలో చేతులు జోడించబోతే ధనుంజయ్ వారించాడు. నా వల్ల వచ్చిన తిప్పలే కదమ్మా, ఇంటికి పో అన్నాడు.

ఆ ప్రతి అతని కాలేజీకి చేరడానికి వారం పట్టింది. అక్కడి ప్రిన్సిపాల్ భాగ్యవతి మేడం చెడ్డ మనిషి కాదు. పిలిచి కూర్చోబెట్టింది.

"ధనుంజయ్, ఇది నా దగ్గర ఆగేది కాదు. తప్పుడు వార్తలిచ్చే మనిషిని ఎట్ల కొనసాగిస్తున్నరని పైనుంచి అడుగుతరు. రిపోర్టర్ తప్పని ఒక్క ముక్క రాసియ్యి, నేను సంభాళించుకుంటా."

"మళ్ళొక తప్పుడు వార్తయితది మేడం."

ఆమె నవ్వబోయి మానుకుంది. నీ ఇష్టమంది.

వేసవి గడిచింది. జగదీష్ రెండుసార్లు ఇంటికొచ్చి, ఏం చెయ్యాలో తోచక టీ తాగి వెళ్ళాడు. ఆ ఏడుగురిలో ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. మేం కూడా రాలేదు, మా పేర్లూ రాశారు, ఇది ధనుంజయ్ ఒక్కడి తప్పు కాదు అని తలా ఒక మాటంటే అతని బరువు సగం తగ్గేది. వాళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారు, నిజమే. అయినా అనాల్సింది. ఇందులో క్షమించేదేం లేదు. ధనుంజయ్ మాత్రం వాళ్ళను ఒక్క మాట అనలేదు. సుమతి అన్నది, గట్టిగానే అన్నది.

జూన్ మూడో వారంలో జాబితాలు వచ్చాయి. పొద్దున ఎనిమిదింటికి సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. ధనుంజయ్ బయటి అరుగు మీద కూర్చుని తన కాలేజీ పేజీ పైనుంచి కిందికి చదివాడు. రాజనీతి శాస్త్రం దగ్గర హుజూర్‌నగర్ నుంచి ఎవరో కొత్త కుర్రాడి పేరుంది. అక్షరాలు సరిగ్గా కనపడలేదేమోనని పెద్దవి చేసి ఇంకోసారి చదివాడు. లోపలికి వెళ్ళి సుమతికి చూపించి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాడు.

పది దాటాక అఖిల ఫోన్ చేసింది. గొంతులో సంతోషం ఆగడం లేదు.

"సార్, నా పేరు వచ్చిందండి. మా అమ్మ మీకు చెప్పమంది."

"మంచిగయింది తల్లీ. మంచిగ చెప్పుకో పాఠాలు."

"మీది చూశారా సార్? మా ఫోన్లో మీ కాలేజీ పేజీ తెరుచుకోవట్లేదండి."

సుమతి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ధనుంజయ్ ఆమె వైపు చూడకుండా, ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇంకా సూడలేదమ్మా," అన్నాడు. "సూసి చెప్తా."